అడుగున పడిన నాలుగోది

చిరంజీవికి ఆశీస్సులు.

స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ మూడో పేజీలో మనుషుల రకాలంటూ ఎనిమిది గడులు గీసి, నీ స్నేహితులను తలా ఒక గడిలో కూర్చోబెట్టిన చోట నాకు నిజంగా బాధ కలిగింది.

1921లో వెలువడిన ‘సైకలాజికల్ టైప్స్’లో యుంగ్ ప్రధానంగా చూపింది మనుషుల పట్టిక కాదు, మనసు కట్టడం. ఆలోచన, అనుభూతి, ఇంద్రియ సంవేదన, అంతఃస్ఫురణ అనే నాలుగు శక్తులూ అందరిలోనూ ఉంటాయి. వాటిలో ఒకటి ముందుకు వచ్చి పెత్తనం చేస్తే, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది ఎదుగుదల లేక అచేతనంలో, అంటే మన ఎరుకకు అందని మనసు పొరలో, ఉండిపోతుంది. ఆలోచనకు ఎదురు అనుభూతి, సంవేదనకు ఎదురు స్ఫురణ. అందుకే ఆలోచన ప్రధానమైనవాడికి సంవేదనో స్ఫురణో తోడు వస్తుంది గానీ అనుభూతి రాదు. ఒక్కొక్కదానికి అంతర్ముఖ, బహిర్ముఖ దిశలు, అంటే లోపలికి, బయటికి తిరిగే చూపులు, కలిస్తే నువ్వు గీసిన ఎనిమిది వస్తాయి, నిజమే. అయితే చేతనం బయటికి చూస్తున్నప్పుడు అచేతనం లోపలికి లాగి ఆ కొరత పూరిస్తుందన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పైగా నేను అనుభూతి అన్న ‘ఫీలింగ్’ను నువ్వు భావోద్వేగమని రాసేశావు. యుంగ్ దానిని విలువ కట్టే శక్తిగా భావించి, ఆలోచనతో పాటు వివేచన కోవలోనే చేర్చాడు. ఆ ఒక్క మాట తప్పు పడితే కట్టడమంతా ఒరిగిపోతుంది.

మా నాన్నగారు లెక్కల మాస్టారు. ఊళ్లో ఎవరి పంపకాల తగాదానైనా కాగితం మీద తేల్చి ఇచ్చేవారు. అటువంటి మనిషి, శుభలేఖలో తన పేరు తమ్ముడి పేరు కింద అచ్చయిందని మూడేళ్లు ఆ తమ్ముడి గడప తొక్కలేదు. అడుగున పడిన అనుభూతి పసిపిల్లవాడి మొండితనంతో పైకి వచ్చిన తీరు అదేనని యుంగ్‌ను చదివాకే నాకు అర్థమైంది. నీ గడిలో లెక్కల మాస్టారు ఇముడుతారు. ఆ మూడేళ్లు ఇమడవు.

దీని మీద నేను మొదటి వ్యాసం రాసినప్పుడు ఒక వారపత్రిక సంపాదకుడు సరిగ్గా ఈ భాగమే కత్తిరించి, ‘మీరు ఏ రకం?’ అని పేరు మార్చి, ప్రశ్నావళి జోడించి వేశాడు. వచ్చిన ఉత్తరాలన్నీ తమ రకమేదో చెప్పమని అడిగినవే. ఆ తర్వాత ఏడాది పాటు నేను కలం పట్టలేదు. ఆ మోజు నేటికీ తగ్గలేదు. ఇప్పుడు మయర్స్-బ్రిగ్స్ అనే వ్యక్తిత్వ పరీక్షతో పదహారు రకాలూ, ఒక్కో రకానికి నాలుగేసి అక్షరాల పేర్లూ వచ్చాయి.

పుస్తకం వేయడం గురించి అడిగినదానికి మరోసారి రాస్తాను. ముందు ఆ మూడో పేజీ తీసేసి, ఆ స్నేహితుల్లో ఒక్కరిని తీసుకుని, అతనికి ఏది చేతకాదో, అది ఏ రోజున ఎలా బయటపడిందో రాసి పంపు.