కాకినాడ కాలేజీకి వెళ్తున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. రోజూ ముమ్మిడివరం నుంచి కాకినాడ వెళ్ళి వస్తానని నువ్వు పట్టుబట్టడం నాకు చాలా సంతోషంగా ఉంది. మీ అమ్మ మాత్రం టెన్షన్ పడుతోంది. హైస్కూల్లో పీఈటీగా ఇన్నేళ్ళు ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించినదాన్ని కదా, నాకు తెలిసింది నీకు చెప్పమంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందు చెప్తాను. మనవైపు ఆడపిల్లలు ఏదైనా జరిగితే ఇంట్లో చెప్పరు. చెబితే చదువు మాన్పించేస్తారని భయం. వెంటపడేవాడి ధైర్యమంతా ఆ భయం మీదే. అందుకే మీ నాన్నగారితో కూర్చుని మాట్లాడాను. నువ్వు ఏం వచ్చి చెప్పినా కాలేజీ ఆగదని ఆయన నాకు మాటిచ్చారు. కాబట్టి ఏదీ కడుపులో దాచుకోకు. చిన్నదైనా సరే, అదే రోజు చెప్పెయ్.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. కానీ పొద్దున్న పల్లెవెలుగులో కాలు పెట్టే సందుండదు. ఆ రద్దీలో వెనక నుంచి ఎవడో చెయ్యి వేస్తాడు. ఒకసారి తగిలితే బస్సు కుదుపేమో అనుకో, పక్కకు జరుగు. రెండోసారి తగిలితే కుదుపు కాదు. వెంటనే అటు తిరిగి వాడి ముఖంలోకి చూస్తూ, బస్సంతా వినపడేలా "నీలం చొక్కా, చెయ్యి తియ్యి!" అని అరువు. చొక్కా రంగు చెబితే అందరి కళ్ళూ వాడి మీదే పడతాయి, తప్పించుకోలేడు. "అన్నయ్యా, కాస్త జరగండి" అని బతిమాలొద్దు. మర్యాదగా ఉండాలని చిన్నప్పటి నుంచీ మనకి నూరిపోస్తారు కానీ, అలాంటివాడికి మర్యాద బాకీ లేము. వాడు ఎదురు తిరిగితే కండక్టర్‌కి చెప్పి బస్సును దారిలో ఉన్న పోలీస్ స్టేషన్ దగ్గర ఆపమను.

గొంతుకీ సాధన కావాలి, నవ్వకు. భయంలో గొంతు పెగలదు. మేడ మీదకు వెళ్ళి "వద్దు", "వెనక్కి వెళ్ళు", "చెయ్యి తియ్యి" అని పొట్టలోంచి అరిచి అలవాటు చేసుకో. ఇరుగు పొరుగు ఏమనుకున్నా పర్వాలేదు.

సాయంత్రం మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా కాలువ గట్టు మీద నడవాలి కదా, నాకు దిగులంతా అక్కడే. నవంబర్, డిసెంబర్లలో ఐదున్నరకే పొద్దు గూకుతుంది. ఎదురుగా వచ్చే బళ్ళు కనపడేలా రోడ్డుకి కుడివైపు నడువు. వెనక నుంచి బండి మీద వచ్చి గొలుసు లాక్కుపోయేవాళ్ళకి అప్పుడు నువ్వు అందవు. ఆ దారిలో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. చున్నీ మెడచుట్టూ చుట్టుకోకు, లాగితే ఊపిరి ఆడదు. ఎవరైనా బండి ఆపి అడ్రస్ అడిగితే దూరంగా నిలబడే చెప్పు, ఫోన్‌లో చూపించమన్నా దగ్గరికి వెళ్ళకు. ఆ గట్టు మీద లైట్లు వెలగకపోతే ఊరుకోవద్దని, సచివాలయంలో అర్జీ పెట్టమని మీ నాన్నకి చెప్పాను.

ఇప్పుడు చేతుల సంగతి. ఎవడైనా నీ మణికట్టు పట్టుకున్నాడనుకో. ఎవరైనా ముందు వెనక్కి లాగుతారు. వాడు నీకన్నా బలవంతుడైతే ఆ లాగులాటలో నువ్వు ఓడిపోతావు. వాడి పట్టు వైపు చూడు. నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు ఒకవైపు ఉంటాయి. వేళ్ళ కొసలు బొటనవేలిని కలిసే చోటే ఆ పట్టులో సందు. పిడికిలి బిగించు. మణికట్టు సన్నటి అంచు ఆ సందుకి ఎదురుగా వచ్చేలా తిప్పు. ఒక అడుగు వాడివైపే వేసి, మోచేతిని వాడి చేతిమీదకి నెడుతూ, పిడికిలిని ఒక్క విసురుతో నీ భుజం వైపుకి లాగు. నాలుగు వేళ్ళతో పోరాడనక్కర్లేదు, ఒక్క బొటనవేలుని దాటితే చాలు. రెండు చేతులతో పట్టుకుంటే, నీ రెండో చెయ్యి వాడి చేతుల మధ్యలోంచి పెట్టి నీ పిడికిలినే పట్టుకుని పైకి లాగు.

జడ పట్టుకుంటే నీ రెండు చేతులతో వాడి చెయ్యిని నీ తలకే గట్టిగా అదిమిపెట్టు. నొప్పి తగ్గుతుంది. అలాగే వాడివైపు తిరిగి మోకాలి కింద ఎముక మీద తన్ను. కొట్టాల్సి వస్తే పిడికిలితో వద్దు, వేళ్ళు విరుగుతాయి. అరచేతిలో మణికట్టుకి దగ్గరగా ఉండే గట్టి భాగంతో ముక్కు మీద కింద నుంచి పైకి పొడువు. వాడు మరీ దగ్గరగా ఉంటే మోచేత్తో, మోకాలితో కొట్టు. పెప్పర్ స్ప్రే కొనుక్కో, తప్పు లేదు. కానీ బ్యాగు అడుగున పడేస్తే ఎందుకూ పనికిరాదు, ఎదురుగాలిలో కొడితే నీ కళ్ళలోనే పడుతుంది.

వాడిని ఓడించాలనుకోకు. కబడ్డీలో రైడర్ అందరినీ పడగొట్టనక్కర్లేదు, మధ్యగీత తాకితే చాలు. నీకూ అంతే. పట్టు విడిన మరుక్షణం పరుగు తియ్యి. బడ్డీ కొట్టో, పెట్రోల్ బంకో, వెలుతురూ మనుషులూ ఎక్కడుంటే అక్కడికి. కత్తి చూపించి గొలుసు అడిగితే ఇచ్చెయ్, బంగారం మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఒక్కోసారి ఒళ్ళు బిగుసుకుపోయి మాట రాదు, కాలు కదలదు. అలా అయితే అది నీ చేతకానితనం కాదు, భయంలో ఎవరికైనా శరీరం అలా చేస్తుంది. తర్వాత చెప్పినా, తర్వాత కేసు పెట్టినా చెల్లుతుంది.

చీకటినీ, కొత్తవాళ్ళనీ చూసే మనం ఎక్కువ భయపడతాం. కానీ దేశంలో నమోదవుతున్న అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. పెళ్ళిళ్ళలో చనువు తీసుకునే బంధువైనా, లిఫ్ట్ ఇస్తానని పట్టుబట్టే సీనియర్ అయినా, నీకు ఇబ్బందిగా అనిపిస్తే చాలు, కారణం చెప్పకుండానే లేచి వచ్చెయ్. ఫొటోలు బయటపెడతానని ఎవడైనా బెదిరిస్తే డబ్బు పంపకు, మెసేజ్‌లు డిలీట్ చెయ్యకు. స్క్రీన్‌షాట్లు తీసి నాకో అమ్మకో చూపించి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

ఈ నంబర్లు ఫోన్‌లో ఉంటే సరిపోదు, నోటికి రావాలి. ప్రమాదంలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181, రైల్లో అయితే 139. ఆడవాళ్ళ రక్షణ కోసం 2025 మార్చి 8న మన ప్రభుత్వం తెచ్చిన శక్తి యాప్ కూడా వేసుకో.

చట్టం నీవైపే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ వెంటపడి వేధించడం గురించే. మొదటిసారికి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా జైలు. ఆత్మరక్షణ కోసం అవసరమైన మేరకు ఎదురుకొడితే అది నేరం కాదని 34వ సెక్షన్ చెబుతోంది. యానాం దాటాక జరిగింది, మా పరిధి కాదు అని ఏ స్టేషన్‌లో అన్నా, పరిధితో పనిలేని జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడుగు. ఇలాంటి ఫిర్యాదును మహిళా అధికారే నమోదు చేయాలి. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్ళకు, నేను వస్తాను.

కాలేజీ తెరిచేలోపు ఒక ఆదివారం మన ఇంటికి రా. అమ్మని కూడా తీసుకురా, నీ మణికట్టు పట్టుకోవడానికి మనిషి కావాలి. ఇద్దరి చేతా చేయిస్తాను. బిగుతు చెప్పులు కాకుండా పరుగెత్తడానికి వీలైనవి వేసుకుని రండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ