మూతబడిన నాటకాల హాలు: ఏం చేయాలో తేల్చుకునే ముందు

చిరంజీవులైన కమిటీ పిల్లలకు ఆశీస్సులు.

తాడిపత్రి హాలు పడగొట్టి కాంప్లెక్స్ కట్టాలా, కల్యాణమండపం చేయాలా, మళ్లీ నాటకాలకే తెరవాలా అని మీలో మీకు మాట కుదరడం లేదని రాశారు. గొప్ప నాటక నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టిన ఊరది. అక్కడ రంగస్థలం నిలవాలనే నా కోరిక. అయినా ముందు మూడు సంగతులు తేలాలి: స్థలం ఎవరిది, పైకప్పు ఎంత గట్టిది, నెలనెలా ఖర్చు ఎక్కణ్నించి వస్తుంది. అవి తేలకుండా మీటింగు పెడితే అరుపులే మిగులుతాయి నాయనా.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం, తీయండి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, అంతకు ముందువి ఆఫీసులోనే వెతికించాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడదన్న భూముల జాబితాలో, ఉందేమో చూడండి. ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గరే పని ఆగిపోతుంది. దానంగా వచ్చిన స్థలమైతే దానపత్రంలోని షరతులు ఒక్క అక్షరం వదలకుండా చదవండి. 'కళా ప్రదర్శనలకు మాత్రమే' అని రాసి ఉన్నచోట షాపులు కడితే దాత వారసులు కోర్టుకెక్కుతారు. హాలు మీ సొసైటీ పేరున ఉంటే దాని ఎన్నికలు, జిల్లా రిజిస్ట్రారుకు ఏటా ఇవ్వాల్సిన సభ్యుల జాబితా ఆగిపోయి ఉంటే ముందు వాటిని సరిచేసుకోండి. గడువు తీరిన కమిటీ చేసిన తీర్మానం నిలవదు.

ఇక భవనం. 'పాతబడింది, పడగొట్టాల్సిందే' అని కాంట్రాక్టరు చెబితే నమ్మొద్దు, పడగొడితేనే అతనికి పని. కట్టడంతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి. రేకుల కప్పును మోసే ఇనుప చట్రాలు, అంటే ట్రస్సులు, ఉంటే, అవి గోడలో కూర్చున్న కొసలే ముందు తుప్పు పడతాయి. వాన నీళ్లు, పావురాల రెట్ట అక్కడే చేరతాయి. నడిమధ్యన నిగనిగలాడుతున్న ట్రస్సు కొసన పెళుసుగా రాలిపోతుంటుంది. అక్కడ సుత్తితో తట్టి, పొలుసులు గీకేసి, మిగిలిన మందం వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిచి రాసివ్వమనండి. బాల్కనీ కాంక్రీటుకు రీబౌండ్ హ్యామర్ (పైన తట్టి గట్టితనం అంచనా వేసే పరికరం) ఒక్కటే చాలదు. పాత కాంక్రీటు పైపొర గట్టిపడి అది ఎక్కువ అంకె చూపిస్తుంది. డ్రిల్లుతో కాంక్రీటు ముక్క (కోర్) తీయించి, కొత్తగా తెగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రసాయన ద్రావణం చల్లించండి. గులాబి రంగు వచ్చినంత మేర కాంక్రీటు లోపలి ఇనుమును కాపాడుతోంది. రంగు రాని లోతు ఇనుప చువ్వల దాకా వెళ్లిందంటే తుప్పుకు దారి తెరుచుకున్నట్టే. స్టేజీ దూలాల్ని గోడ పక్కన స్క్రూడ్రైవరుతో పొడవండి, చెదలు అటునుంచే ఎక్కుతాయి. పాత వైరింగు మాత్రం పరీక్షలు పెట్టకుండా మొత్తం మార్చేయండి. ఆస్‌బెస్టాస్ రేకుల్ని పగలగొట్టించొద్దు. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించాలి. ఆ దుమ్మును గుడ్డ మాస్కు ఆపదు.

ఖర్చులో ముందు చల్లదనం లెక్క వేసుకోండి. మన ఎండలకు 300 మంది హాలుకు 25, 30 టన్నుల ఏసీ కావాలి. మూడు గంటల కార్యక్రమానికి దాదాపు 100 యూనిట్లు కాలుతుంది. ఇరవై ఫ్యాన్లకైతే ఐదు యూనిట్లు చాలు. అందుకే మొదట ఫ్యాన్లు, పైకప్పుకు తెల్ల పూత, సాయంత్రం కార్యక్రమాలు. ఎండాకాలం పగలు హాలు మూసే ఉంచండి.

ఊళ్లోవాళ్లను 'ఏం కావాలి' అని అడిగితే అందరూ అన్నీ కావాలంటారు. 'ఏ తేదీకి తీసుకుంటారు, అడ్వాన్సు ఎంత ఇస్తారు' అని అడిగి రాయించుకోండి. డాన్సు స్కూళ్లు, పౌరాణిక నాటకాల వాళ్లు, కాలేజీలు, కులసంఘాలు, అందరి తేదీలూ కలిపి లెక్కేయండి. ఏడాదికి అరవై రోజులైనా నిండకపోతే హాలు తన కాళ్ల మీద నిలవదని నా అంచనా. అప్పుడు రోడ్డువైపు ప్రహరీ పొడవునా నాలుగైదు షాపులు వేసి, ఆ అద్దెను హాలుకే పెట్టాలని బైలాలో రాయండి. హాలు మొత్తం ఒక్కరికే ముప్పై ఏళ్లకు లీజుకిస్తే మళ్లీ మీ చేతికి రావడం కష్టం. కల్యాణమండపంగా మారిస్తే ముహూర్తాల నెలల్లో డబ్బు చేరుతుంది. కానీ వంటశాల కోసం స్టేజీ వెనక గదులు పోతాయి, ఆ గదులు లేకపోతే నాటకం వాళ్లు రారు. సినిమా వేయాలంటే సినిమా ప్రదర్శనకిచ్చే బీ ఫారం లైసెన్సు, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. ఒక్క తెర హాలుకు ఈరోజుల్లో ఆ దారి నేను చెప్పను.

ఏది చేసినా తలుపులు బయటికే తెరుచుకోవాలి, స్టేజీ వైపు వేరే దారి ఉండాలి, ఆడవాళ్లకు మగవాళ్లకంటే ఎక్కువ మరుగుదొడ్లు కట్టాలి. చాలాచోట్ల ఆడవాళ్లు రావడం మానేసింది నాటకం నచ్చక కాదు, ఈ వసతి లేకనే.

ఇవన్నీ తేలేసరికి నెలలు పడుతుంది. ఈలోగా వానలకు ముందే రేకుల మీది ఆకులు, గట్టర్లు శుభ్రం చేయించండి. పగిలిన రేకుల మీద టార్పాలిన్ కట్టించండి. కరెంటు మీటరు దగ్గరే ఆపించి తాళం వేయండి. నెలకోసారి ఒకరు లోపలికెళ్లి కొత్త తడి మరకలు ఎక్కడున్నాయో ఫొటో తీసి తేదీతో పెట్టండి, ఇంజినీరు ముందు అడిగేది అవే.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన