బరంపురం నుంచి అమెరికా వచ్చి నాటకాలు వేయాలనుకునేవాళ్లకి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడుగుతుంటారు, ఇక్కడి నాటకాల్లో మనకి వేషం ఇస్తారా, మన యాస విని నవ్వరా అని. ఇస్తారు, నవ్వరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ, ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతరలో వేషాలు కట్టినవాళ్ల వెంట తిరిగి పెరిగిన మీకు మాట పట్టుకునే చెవి ముందే ఉంది, దాన్ని తక్కువ చేసుకోకండి.

మొదట ఇక్కడ మీరుండే ఊళ్లో కమ్యూనిటీ థియేటర్, అంటే ఊరివాళ్లే కలిసి నాటకాలు వేసుకునే బృందం, ఎక్కడుందో వెతకండి. చిన్న ఊళ్లలో కూడా ఉంటాయి. నటులు ఎక్కువగా జీతం లేకుండా, సాయంత్రాలు రిహార్సల్ చేసుకునేవాళ్లే. ఈక్విటీ అనే నటుల సంఘం 1913 నుంచీ ఉంది కానీ అది వృత్తి నటులకి, మొదట్లో దాని టెన్షన్ మీకు అక్కర్లేదు. ఆడిషన్ ప్రకటన రాగానే ఆ నాటకం లైబ్రరీలో తెచ్చుకుని మొత్తం చదవండి, ఎందుకంటే చాలాచోట్ల అక్కడికక్కడ రెండు పేజీలు చేతికిచ్చి ఎదుటివాళ్లతో కలిసి చదవమంటారు. మ్యూజికల్ అయితే పాట ముక్క, దాని స్వరాల కాగితం తీసుకెళ్లాలి.

అసలు కష్టం గొంతు దగ్గర వస్తుంది. మన వైపు ఆడే ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు మెట్ల వేదిక మీద నిలబడి గర్జిస్తే ఆరుబయట ఆఖరి వరసదాకా వినపడాలి. ఇక్కడ వందమంది పట్టే హాల్లో అలా అరిస్తే ఎదుటి నటుడు మాయమైపోతాడు. ఊపిరి బలం అలాగే ఉంచుకోండి, కానీ మాట ఎదుటి మనిషికి చెప్పండి, అతను చెప్పేది నిజంగా వినండి. యాస మార్చుకోవడం కంటే మాట చివర మింగేయకుండా పలకడం మీద పని చేయండి.

ఆడిషన్ ఫారంలో రిహార్సల్‌కి ఏ రోజులు రాలేరో అడుగుతారు. దీపావళికి ఇంటికి వెళ్తుంటే ముందే రాసేయండి. రిహార్సల్ ఎగ్గొట్టేవాడు ఎంత బాగా చేసినా మళ్లీ పిలవరు.

వీసా సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే స్పాన్సర్ చేసిన సంస్థకే పని చేయాలి, ఎఫ్‌-1 వీసా మీదున్న విద్యార్థికి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని కుదరదు. పెట్రోలు ఖర్చులకి అని చిన్న కవరు ఇవ్వబోయినా, లాయర్నో కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసునో అడగకుండా పుచ్చుకోకండి.

వేషం రాకపోతే తెర వెనక పని అడగండి, సామాన్లు అందించడం, లైట్లు, ఏదైనా. ప్రదర్శనకి ముందు వారమంతా రాత్రి పొద్దుపోయేదాకా ఉండాల్సొస్తుంది, ఆఖరి షో అయ్యాక సెట్ విప్పడానికి అందరితో పాటు ఆగండి. డైరెక్టర్లకి మీ పేరు తెలిసేది అక్కడే, తర్వాతి ఆడిషన్ ఎప్పుడో మీకు ముందుగా తెలిసేదీ అక్కడే.