చెఫ్ కావాలంటే ఏ కాలేజీ అని అడిగిన కావలి తమ్ముడికి

తమ్ముడూ, ఇంటర్ అయిపోయింది, ఫైన్ డైనింగ్ చెఫ్ కావాలంటే ఎక్కడ చేరాలి అని అడిగావు. మాది నెల్లూరు. చెన్నైలో ఒక స్టార్ హోటల్ కిచెన్‌లో కమీగా, అంటే కింది మెట్టు వంటవాడిగా, చేరి పదకొండేళ్లయింది, ఇప్పటికీ ఇదే పని. కాలేజీ కంటే ముందు చేప సంగతి చెప్తాను.

చేరిన నెలలోనే నాకు చేపలు అప్పగించారు. నెల్లూరోడికి చేప గురించి ఎవరు చెప్తారులే అనుకున్నాను. మనింట్లో ముల్లుతో సహా ముక్కలు కొట్టడమేగా! అక్కడ ఫిల్లెట్ తీయాలి, అంటే ముల్లు వదిలేసి కండ మాత్రమే కోయాలి. తల వెనక కత్తి దించి, వెన్నుముల్లు మీదే ఆనించి తోకదాకా లాగాలి. నేను తీసిన ముల్లును మా చెఫ్ లైటు కింద పెట్టి చూసి, "ఇంకో ప్లేటు చేప దీనికే ఉంది" అన్నాడు. ఆ ముళ్లతో స్టాక్ (సాసులకి వాడే మరిగించిన రసం) పెట్టమంటే మటన్ ఎముకల్లా రెండు గంటలు మరిగించాను. చేప స్టాక్‌కి అరగంట చాలు, దాటితే చేదెక్కుతుంది. మొత్తం సింకులో పోశాం. తిన్న తిట్లు ఇక్కడ రాయలేను.

అందుకే ఇప్పటి నుంచే కానాగంతలు కొని రోజూ రెండు ఫిల్లెట్ చెయ్యి. చౌక, పాడైనా బాధుండదు, పులుసులోకి పోతాయి. చేప బరువు, ఫిల్లెట్ బరువు రెండూ రాసుకో.

అమ్మ చేపల పులుసును కూడా గ్రాముల్లో రాయి. మా అమ్మ "నిమ్మకాయంత చింతపండు" ఒకరోజు 38 గ్రాములు, ఇంకోరోజు 55. అడిగితే మామిడికాయ పులుపును బట్టి అంది. చూసి వేసే ఆ చేతిని పట్టుకోవాలి, ఎందుకంటే రాత్రి ఎనిమిదికి వెళ్లిన ప్లేటూ పదింటికి వెళ్లిన ప్లేటూ ఒకే రుచి రావాలి. చేప వేశాక గరిటె పెట్టకుండా గిన్నె తిప్పుతారు చూడు, వెన్నతో సాస్ ముగించేటప్పుడు ఫ్రెంచి వంటలోనూ అంతే, పాన్ తిప్పుతారు.

కాలేజీలంటావా, ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ఎంట్రన్స్ రాస్తే చెన్నై తరమణిలో, హైదరాబాద్‌లో ఐహెచ్‌ఎంలు, అంటే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు, ఉన్నాయి. మూడేళ్ల బీఎస్సీ, కానీ హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్ కూడా చదవాలి. వంటే కావాలంటే తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా చూడు. నేనైతే తిరుపతికి ఓటేస్తా, ఇంటికి దగ్గర. ఎక్కడ చదివినా ట్రైనింగ్‌కి బఫేలు వండే పెద్ద బాంక్వెట్ కిచెన్‌లో ఇరుక్కోకు. స్టాకులు, సాసులు మొదటి నుంచీ తామే చేసుకునే చిన్న కిచెన్ అడుగు. నేను అడగలేదు, రెండేళ్లు వెనకబడ్డాను.

ఇంట్లో "వంటోడివి అవుతావా" అంటారు, అననీ. అసలు టెన్షన్ బ్రేక్ షిఫ్టులది. మధ్యాహ్నం మూడింటికి వదిలి ఆరింటికి మళ్లీ రమ్మంటారు. సంక్రాంతికి సెలవనేదే ఉండదు.

ఆన్‌లైన్‌లో పెట్టెడు కత్తుల సెట్ మాత్రం కొనకు. సన్నగా వంగే ఫిల్లెట్ కత్తి ఒకటి, చెఫ్ కత్తి ఒకటి, సానరాయి చాలు.