కోఫాక్స్ కార్డు కొనండి, అమ్మాయి చదువు డబ్బుతో మాత్రం వద్దు

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. వయసు 47. పద్నాలుగేళ్లుగా ఆటగాళ్ల బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డులు, అందులోనూ ఎక్కువగా పిచర్లవి (బంతి విసిరేవాళ్లవి), సేకరిస్తున్నాను. ఇప్పటిదాకా 38,000 డాలర్లు పెట్టి ఉంటాను. వీటిని రిటైర్మెంట్ పొదుపులోనే కలిపి లెక్క వేసుకుంటున్నాను. ఇప్పుడు 1955 నాటి పిచర్ శాండీ కోఫాక్స్ తొలి కార్డు 9,000 డాలర్లకు దొరుకుతోంది. మా అమ్మాయి చదువు కోసం దాస్తున్న 529 ఖాతాలోంచి తీసి కొందామనుకుంటే నా భార్య ససేమిరా అంటోంది. మీరేమంటారు?

జవాబు: నేను మీ శ్రీమతి పక్షమే. అయితే కార్డు కొనవద్దని అనడం లేదు. డబ్బు ఎక్కడినుంచి తీస్తున్నారన్నదే నా అభ్యంతరం.

529 ఖాతాలోని డబ్బు చదువుకు కాకుండా వేరే పనికి తీస్తే, అందులో లాభం ఎంత ఉందో అంత మీద ఆదాయపు పన్ను పడుతుంది. దానిపై మరో 10 శాతం జరిమానా. మీరు తీసే 9,000లో 3,000 లాభం అనుకుందాం. మీరు 24 శాతం శ్లాబులో ఉంటే ఫెడరల్ పన్ను 720, జరిమానా 300. కార్డు ఇంటికి రాకముందే 1,020 డాలర్లు పోయినట్టే. ఆ తర్వాత అమ్మకం సంగతి. వేలంలో కొనేవారి నుంచి సంస్థ 20 శాతం రుసుము వసూలు చేస్తుందనుకోండి. మొత్తం 9,000 పెట్టడానికి సిద్ధపడిన మనిషి పాట 7,500 దగ్గరే ఆపేస్తాడు. మీ చేతికి వచ్చేది ఆ 7,500, లేదా ఇంకా తక్కువ. అంటే ధర 20 శాతం పెరిగితే గానీ మీ అసలు మీకు రాదు. లాభం వచ్చినా, ఏడాదికి మించి ఉంచుకున్న ఇలాంటి సేకరణ వస్తువుల మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండవచ్చు. షేర్ల మీద చాలామందికి పడేది 15 శాతమే.

2022 ఆగస్టులో 1952 నాటి మికీ మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లు పలికిన వార్త మీరూ చదివే ఉంటారు. మాంటిల్ బ్యాటర్. ఈ వ్యాపారంలో పెద్ద ధరలు ఎక్కువగా కొట్టేవాళ్లకే గానీ విసిరేవాళ్లకు కాదు. క్రికెట్లో బౌలర్ల కష్టం తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది!

ఇక అసలు విషయం. మీ ఉత్తరం చివర మూడు పేజీలు డబ్బు గురించి కానే కాదు. 1965 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్ పోటీలు) తొలి ఆట యూదుల పవిత్ర దినమైన యోమ్ కిప్పూర్ నాడు పడిందని, యూదుడైన కోఫాక్స్ ఆ రోజు బంతి విసరలేదని రాశారు. మరుసటి ఏడు 27 విజయాలు సాధించి, మోచేతి నొప్పి భరించలేక ముప్పై ఏళ్లకే ఆట మానేశాడని రాశారు. 1968లో పిచర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 1.12కు దిగింది. పిచర్ల జోరు తగ్గించడానికి మరుసటి ఏడాది వాళ్లు నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఈ సంగతి చెబుతూ, గిబ్సన్ 1959 కార్డుకున్న గులాబీ రంగు గురించి ఒక పేరా నింపారు. ఇలా రాసే మనిషి ఆ కార్డు అమ్ముతాడా? అమ్మమ్మ కాసులపేరును ఎవరైనా ఆస్తుల పట్టికలో వేసుకుంటారా? బ్యాంకు లాకర్లోని బంగారు బిస్కెట్టు వేరు, కాసులపేరు వేరు.

కాబట్టి ఈ ఆదివారం కార్డులన్నీ రెండు పెట్టెల్లోకి సర్దండి. వెనక అచ్చువేసిన అంకెలు చూడకుండా ఆ పిచర్ గురించి చెప్పగలిగినవి ఒక పెట్టెలో, ధర పెరుగుతుందని కొన్నవి రెండో పెట్టెలో. మొదటి పెట్టె ఖర్చు కింద రాసేయండి, అది అయిపోయిన ఖర్చే. రెండో పెట్టెను మాత్రం ఈ నెలలో అమ్మితే చేతికొచ్చే ధరకు లెక్కగట్టండి. అందులో 1980ల చివర కుప్పలుతెప్పలుగా అచ్చయిన కార్డులుంటే వాటికి సున్నా వేసినా పెద్ద తేడా రాదు. కోఫాక్స్ కార్డు కావాలంటే రెండో పెట్టె అమ్మి కొనుక్కోండి. కార్డులున్నాయి కదా అని ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతా 401(కె)లో మీరు తగ్గించిన వాటాను మాత్రం వచ్చే జీతం నుంచే తిరిగి పెంచండి. 47 ఏళ్లకు ఇది ఆలస్యమే, అయినా మించిపోలేదు.

కార్డులు బేస్‌మెంట్లో ఉన్నాయన్నారు. వెంటనే పైకి తెచ్చేయండి. మామూలు ఇంటి బీమా వరద నీటికి వర్తించదు. సేకరణ వస్తువులకు అందులో పరిమితి కూడా తక్కువే ఉంటుంది. మొదటి పెట్టెకు విడిగా బీమా తీసుకోండి.

మరొక పని. ఒక నోటు పుస్తకంలో ప్రతి కార్డు కొన్న తేదీ, ధర రాసిపెట్టండి. రేపు పన్ను లెక్కకు అదే ఆధారం. పక్కనే ఆ పిచర్ గురించి నాలుగు మాటలు. మీ దగ్గరున్న, టాప్స్ కంపెనీ 1953లో వేసిన పిచర్ శాచెల్ పేజ్ కార్డు మీద ఆయన పేరులో ఒక 'ఎల్' ఎక్కువ పడింది. అది కంపెనీ చేసిన తప్పేనని రాయకపోతే, ఏదో ఒక రోజు మీ అమ్మాయి దాన్ని నకిలీ అనుకుని పారేయగలదు.