నానమ్మ పాటల నోటుబుక్కు

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. పీహెచ్‌డీ ప్రవేశం కోసం నా అధ్యయన ఆసక్తుల గురించి, రచనా నేపథ్యం గురించి రెండు పేజీలు రాయాలి. మూడుసార్లు రాసి చింపేశాను. కళాశాల పత్రికలో వచ్చిన రెండు కథలు, నానమ్మ పాడిన నాట్ల పాటలు రాసుకున్న నోటుబుక్కు తప్ప నా దగ్గర ఏమీ లేవు. నాన్న బీఈడీ చేయమంటున్నారు. ‘కథలు కూడు పెడతాయా’ అని ఆయన అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సలహా: అమ్మా, ఆ నోటుబుక్కును మీరు ‘తప్ప’ అన్న మాట పక్కన పెట్టారు, నా దృష్టి మాత్రం అక్కడే ఆగిపోయింది. జానపద గేయాల మీద పరిశోధించి బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు; పొలంలో ఆడవాళ్లు పాడుకునే పాట కూడా సాహిత్యమేనని ఆ తరం పెద్దలు నిరూపించి వెళ్లారు కనుక, మీరు ఆ విషయంలో సంకోచపడనక్కరలేదు.

‘చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి, ఆ వాక్యం మీ గురించి ఏమీ చెప్పదు. ఒక్క పాట తీసుకోండి. పొలంలో పాడే చరణాన్ని నానమ్మ ఇంట్లో మీకు చెప్పేటప్పుడు వదిలేశారా, అదే పాటను మరొకావిడ ఊరి పేరు మార్చి పాడారా, అలాంటి తేడా ఏదైనా మీకు కనిపించి ఉంటే, అది ఎందుకు వచ్చిందన్న ప్రశ్నే మీ అధ్యయన ఆసక్తి. ఆ పాటల పలుకుబడి మీ కథల్లోకి ఎక్కడ వచ్చిందో చూపితే రచనా నేపథ్యమూ అందులోనే కలిసిపోతుంది. ప్రతి పాట పక్కన పాడినవారి పేరు, ఊరు, తేదీ, సందర్భం ఇప్పుడే రాసి పెట్టుకోండి. నానమ్మ ఒప్పుకుంటే ఆమె గొంతు ఫోనులో రికార్డు చేయండి. ఈ పనిని మాత్రం వాయిదా వేయవద్దు.

ఇక నాన్నగారి మాట. అది మీ రాతల మీద చిన్నచూపు కాదనీ, కూతురి బతుకు గురించిన భయమనీ నాకు అనిపిస్తోంది. ఆ భయానికి లెక్కలతోనే జవాబు చెప్పాలి. కళాశాల అధ్యాపక అర్హతకూ, పరిశోధక వేతనానికీ పెట్టే జాతీయ పరీక్ష యూజీసీ నెట్ సాధారణంగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఆ వేతనం) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. అది అందరికీ రాదన్న నిజాన్ని కూడా దాచకుండా చెప్పండి. రెండు ప్రయత్నాలకు ఒక్క ఏడాది గడువు అడగండి, అప్పటికీ కాకపోతే రెండేళ్ల బీఈడీలో చేరతానని మాట ఇవ్వండి.

ఆయనతో మాట్లాడటానికి కూర్చున్నప్పుడు నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. అవి ఆయన తల్లి పాటలు. మీకు దొరకని చరణం ఒకటో రెండో ఆయనకు గుర్తుండవచ్చు, అడిగి రాసుకోండి.