ముద్ర లేని పాత బ్రోచ్ వెండిదా, ఎక్కడిది?

మీ అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలో దొరికిన బ్రోచ్ గురించి మీరు ఇచ్చిన వివరాలు స్పష్టంగానే ఉన్నాయి: కోడిగుడ్డు ఆకారం, నల్లబడిన తెల్లని లోహం, నడుమ ఒక ఎర్రరాయి, చుట్టూ ఆకులూ తీగలూ, అంచు దాటి బయటకు వచ్చే సూది, ఆ సూదిని పట్టుకొనడానికి వట్టి కొక్కెం. ముద్ర లేదు కాబట్టి అది వెండి కాదని చిత్తూరులో ఒక దుకాణదారు తేల్చివేశారని రాశారు. ఆ వాదన నిలవదు. మన దేశంలో బంగారానికి హాల్‌మార్కు 2000లో, వెండికి 2005లో మొదలయ్యాయి. అంతకుముందు మన ఊళ్ళలో నగ చేయించుకొన్నవారికి కంసాలి మాటే హామీ. ఇంగ్లండులో సైతం చిన్న నగలు ఎన్నో ముద్ర లేకుండానే అమ్ముడయ్యాయి.

ముందుగా ఒక మనవి. చింతపండు, విబూది పెట్టి దానిని తోమకండి. సందుల్లో పేరుకొన్న నలుపు, అంచుల్లో అరిగిన పూత, పాత టంకం మరకలు చూసే ఆ వస్తువు చరిత్రను చదవగలుగుతాము. పూత అరిగిన చోట లోపలి నుంచి ఎరుపు కనిపిస్తే రాగి, పసుపు కనిపిస్తే ఇత్తడి అని అప్పుడే కొంత తెలుస్తుంది.

లోహం సంగతి ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి, అంకెను సున్నా చేసి, బ్రోచ్‌ను దారంతో కట్టి గిన్నె అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కనిపించే అంకెతో బ్రోచ్ అసలు బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు 14.5 గ్రాముల వస్తువు నీళ్ళలో 1.40 చూపితే సాంద్రత 10.36, అది స్టెర్లింగ్ వెండికి (నూటికి 92.5 పాళ్ళు వెండి ఉన్నదానికి) సరిపోతుంది, 1.70 చూపితే 8.5, అంటే ఇత్తడో జర్మన్ సిల్వరో అయి ఉంటుంది. జర్మన్ సిల్వర్‌లో పేరుకు తప్ప వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. అయితే మీ దానిలో రాయి ఉంది, సూది బహుశా ఉక్కుది. ఈ రెండూ వెండి కంటే తేలిక కాబట్టి లెక్క కొంత తగ్గి వస్తుంది. పది దాటితే వెండి అని నమ్మవచ్చు గాని, తొమ్మిదిన్నర వచ్చినంత మాత్రాన కాదని కొట్టిపారేయకూడదు. దుకాణాల్లో లోహపు స్వచ్ఛతను చూసే కేరట్ మీటర్ అనే యంత్రం పైపొరనే చదువుతుంది. పూత వేసిన వస్తువు దగ్గర అది సులభంగా మోసపోతుంది.

ఈ తూకం మీద అతిగా ఆధారపడి నేను ఒకసారి భంగపడ్డాను. మా నాయనమ్మ పైటకు పెట్టుకొనే గుండ్రని బ్రోచ్ ఒకటి నాకు వచ్చింది; చుట్టూ ఎర్రరాళ్ళు, నడుమ హంస. ఆమె కొన్నాళ్ళు మిషన్ బడిలో పంతులమ్మగా పనిచేసినందువల్ల, అది ఎవరో దొరసాని ఇచ్చిన సీమ (ఇంగ్లండు) వస్తువని మా ఇంట్లో అందరూ అనుకొనేవారు. సాంద్రత చూస్తే ఐదు కూడా రాలేదు. తిరుపతిలో ఒక పెద్ద దుకాణానికి తీసుకువెళ్ళాను. అక్కడి వ్యక్తి నన్ను అడగకుండానే ముందువైపు అంచును ఆకురాయితో గీకి, పరీక్ష మందు చుక్క వేసి, 'వెండికి బంగారు పూత, లోపల ఏదో చెత్త నింపారు' అని తిరిగి ఇచ్చారు. ఆ గీత ఇప్పటికీ ఉంది.

తరువాత గోవిందరాజస్వామి గుడి దగ్గర ఉండే ఒక వృద్ధ ఆచారిగారికి చూపించాను. ఆయన ముందువైపు అసలు చూడలేదు. వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి, చాలాసేపు అంచు చుట్టూ గోరుతో తడిమి, "అమ్మా, ఇది పుట్టినప్పుడు బ్రోచ్ కాదు, జడబిళ్ళ" అన్నారు. అంచున దారం దూర్చి జడకు కుట్టుకొనే చిన్న కుచ్చురింగులు నాలుగు ఉండేవట, వాటిని కోసి నునుపు చేసిన మచ్చలు వేలికి తగులుతున్నాయి. దుకాణంలో చెత్త అన్నది లక్క; రాళ్ళు కదలకుండా మన పనివారు లోపల నింపేది అదే, నా తూకం తప్పడానికి కారణమూ అదే. సూది పరికరం మాత్రం విడిగా కొని తెచ్చినది, దానిని టంకంతో అతకకుండా సన్నని మేకులతో బిగించారు. ఎందుకని అడిగితే, నిప్పు చూపితే లోపలి లక్క కరిగి రాళ్ళు ఊడిపోతాయని ఆయన నవ్వారు. ముందుభాగం ఒక కాలానిది, వెనుకభాగం మరొక కాలానిది. మేము సూదిని చూసి మొత్తం వస్తువును సీమకు పంపించేశాము!

కాబట్టి మీ బ్రోచ్ విషయంలో సూది, కొక్కెం అసలువేనా అన్నది మొదట తేలాలి. అంచు దాటే సూది, తాళం లేని కొక్కెం పందొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య బ్రోచ్‌లలో మామూలు. తిప్పితే మూసుకొనే చిన్న తాళం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వాడుకలోకి విస్తరించింది. అతుకు చుట్టూ బూడిదరంగు సీసపు టంకం ముద్దగా ఉంటే అది తరువాతి మరమ్మతు, దానిని బట్టి వయసు చెప్పకూడదు. ఇక పుట్టినచోటు విషయానికి వస్తే, ఎడమవైపు ఆకునూ కుడివైపు ఆకునూ పోల్చి చూడండి. రెండూ అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటే యంత్రపు అచ్చులో వచ్చిన సరుకు, ఎక్కువగా సీమ దిగుమతి అనుకోవచ్చు. ఆకు మీది ఈనెల సంఖ్యలో, వంపులో తేడాలు ఉండి, వెనుక సుత్తి దెబ్బల గుంటలు కనిపిస్తే చేతిపని. మదరాసులో తెల్లవారి కోసం చేసిన వెండిపనిలో దేవతామూర్తుల ఉబ్బుచెక్కడాలు ప్రసిద్ధం, దానిని స్వామి పని అనేవారు, పి. ఓర్ అండ్ సన్స్ వంటి అక్కడి పెద్ద సంస్థలు తమ పేరు కొట్టేవి. మీరు చెప్పిన ఆకులూ తీగలూ మాత్రమే ఉన్న పనికి ఆ పేరు అంటగట్టడం తొందరపాటు.

ఎర్రరాయిని భూతద్దంతో చూసినప్పుడు లోపల గుండ్రని గాలిబుడగలు కనిపిస్తే అది చాలావరకు గాజే, లేదంటే కృత్రిమంగా చేసిన కెంపు. ఏటవాలు వెలుతురులో వెనుకవైపు, సూది కీలు, అంచు చుట్టూ తీసిన ఫొటోలు పెట్టగలిగితే, అది చేతిపనియో అచ్చుపనియో నేను ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.